పుట్టి కోసినాయన

అనూహ్య మెట్లెక్కి వచ్చేసరికి సునంద ఒక పెళ్ళి పత్రికలో పెళ్ళికూతురి ఇంటిపేరు సరిచేస్తోంది. అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దగ్గరి సందులో, చెప్పుల దుకాణం పైన ఉన్న జాబెజ్ గారి డి.టి.పి. షాపు అది. పెళ్ళి పత్రికలు, చర్చి వాళ్ళ ఆదివారం కరపత్రాలు, ఎప్పుడో ఒకసారి ఒక పుస్తకం వస్తాయి. ఆరేళ్ళుగా సునంద ఆ కిటికీ పక్కన కూర్చుని ఎవరెవరో రాసిన మాటలను పేజీల్లో సర్దుతోంది.

“వదినా, నీకో పని తెచ్చిన,” అంది అనూహ్య, ఎదురుగా ఉన్న స్టూలు లాక్కుంటూ. “మన ఊరి చరిత్ర. పుస్తకం ఏస్తున్నరు.”

అనూహ్య సునందకు మేనత్త కూతురు. పుట్టింది, పెరిగింది, ఉద్యోగం చేస్తున్నది అన్నీ ఖైరతాబాద్‌లోనే. చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో తంగెడరేవుకు నాలుగు రోజులు వచ్చేది. నీళ్ళు పడక జలుబు చేసి, ఐదో రోజు బస్సెక్కేది. ఆ పిల్ల నోట “మన ఊరు” అన్న మాట సునందకు గొంతులో చేపముల్లులా దిగింది.

“ఎవరు రాసిన్రు?”

“నేనే. సిటీల మన ఊరోళ్ళ సంఘం ఉంది కదా, సురేందర్ మామ వాళ్ళు నన్ను రాయమన్నరు. ఆదివారం నాంపల్లిల హాలు తీసుకున్నరు. ఆనాటికి పుస్తకం చేతిల ఉండాలె. నువ్వున్నవ్ కదా, నాకేం ఫికర్ అని ఒప్పుకున్న.”

సునంద నవ్వింది. అలాంటప్పుడు నవ్వాలి కాబట్టి.

ఆమె పెట్టె అడుగున ఏడు నోటుపుస్తకాలు ఉన్నాయి. ఊరి హైస్కూల్లో తొమ్మిదో తరగతిలో సాంఘికశాస్త్రం సారు “మీ ఊరి గురించి పది వాక్యాలు రాయండి” అన్నాడు. అందరూ పది రాసి ఆపేశారు. సునంద ఆపలేదు. మంజీరలో ఏ మడుగు ఎంత లోతు, ఏ బండను ఏమని పిలుస్తారు, రజాకార్లు తగలబెట్టిన గడ్డివాములు ఎవరివి, మిలిటరీ వచ్చిన వారంలో భయపడి ఊరొదిలిన దూదేకుల వాళ్ళ ఇళ్ళు ఎక్కడ ఉండేవి, ఆ మరుసటేడు పోలీసు క్యాంపు ఏ మామిడితోటలో దిగింది, అన్నీ అడిగి రాసుకుంది. ఆ పుస్తకాల సంగతి ఎవరికీ చెప్పలేదు. అడిగితే చెప్పేదే. ఎవరూ అడగలేదు.

ఒక్క పేజీ మాత్రం పైన “ఏరు దాటిన రోజు” అని రాసి, కింద ఖాళీగా ఉండిపోయింది. నలభై ఎనిమిదిలో, భాద్రపదం వరదలో, రజాకార్లకు భయపడి ఊరు ఊరంతా పుట్టి అనే గుండ్రటి పడవ ఎక్కి అవతలి ఒడ్డుకు పోయిందని, కొందరు పోలేకపోయారని అందరికీ తెలుసు. ఆ పోలేకపోవడం ఎట్లా జరిగిందో ఎవరూ చెప్పేవారు కాదు. ఆనాడు పదకొండేళ్ళ పిల్లగా ఉన్న నాయనమ్మ యాదవ్వ అయితే, “నాకేం యాదికి లేదు బిడ్డా” అని గొంగడి కప్పుకొని గోడవైపు తిరిగేది. సునంద పెన్ను మూత పెట్టేసేది. ఓపిక పడితే ఏదో ఒక రోజు చెబుతుందని పన్నెండేళ్ళుగా ఓపిక పడుతోంది.

అనూహ్య పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టింది. “దీంట్ల పుస్తకమంత ఉంది. ఫోన్ల మాట్లాడుకుంట పోయిన, అదే టైపు చేసింది, జర తప్పులుంటయి. అమ్మమ్మ చెప్పిన రికార్డింగులు కూడ ఏసిన, డౌటొస్తే విను. ఏరు దాటిన ముచ్చట మొత్తం చెప్పింది తెలుసా. మూడు దినాలు మధ్యాహ్నం పూట వచ్చిన.”

“ఎక్కడికి?”

“ఎక్కడికంటవేంది, మీ రూముకే. నువ్వు డ్యూటీల ఉంటివి.”

నాంపల్లి స్టేషన్ వెనక ఆ ఒక్క గది కిరాయి సునందది. రెండేళ్ళ కింద కంటి ఆపరేషన్ కోసం నాయనమ్మను ఊరి నుంచి తెచ్చుకున్నది సునంద. రోజుకు నాలుగుసార్లు కంట్లో చుక్కలు వేసేది, తల దువ్వేది, జొన్నరొట్టె మెత్తగా నలిపి పాలలో వేసి పెట్టేది సునంద. ఆ గదిలో, ఆ మంచం మీద, తను లేని వేళ చూసి మూడు మధ్యాహ్నాలు. నాయనమ్మ తనతో అన్నది ఒక్కటే మాట: “పిల్ల వచ్చింది, జామకాయలు తెచ్చింది.”

“మంచిదే,” అంది సునంద. “పెట్టిపో, చూస్త.”

ఆ రోజంతా పేజీలు కడుతూ చదివింది. పుస్తకం బాగా లేకపోతే ఎంత బాగుండేది. కానీ బాగుంది. బండల పేర్లు తప్పు, మడుగుల లెక్క తప్పు, అయినా మనిషి పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉంది. తన ఏడు పుస్తకాల్లో ఎక్కడా లేని గొంతు అందులో ఉంది. అది నాయనమ్మ గొంతు.

ఏరు దాటిన అధ్యాయం ఇట్లా ఉంది. తెల్లవారుజామున రజాకార్లు వస్తున్నారని కబురు వచ్చింది. ఊళ్ళో ఉన్నది ఒకటే పుట్టి, వెదురుబుట్టకు తోలు కట్టినది. నాలుగుసార్లు అవతలికి పోయి, నలభై మందిని దించింది. ఇంకా పదకొండు మంది ఊరి ఒడ్డున మిగిలి ఉండగా తుపాకి చప్పుడు వినబడింది. పుట్టి అప్పుడు అవతలి ఒడ్డున ఉంది. “ఇది మళ్ళ ఆడికి పోతే, ఇదే ఎక్కి వాళ్ళు ఈడికి వస్తరు” అని పుట్టి నడిపే మనిషి కొడవలితో తోలు చీల్చి, దాన్ని వరదలోకి తన్నేశాడు. పదకొండు మంది ఒడ్డున నిలబడి చూశారు. ఏడుగురు జొన్నచేలలో పడుకొని బతికారు. నలుగురు చనిపోయారు. ఆ నలుగురిలో నాయనమ్మ తల్లి ఉంది. పుట్టి కోసిన మనిషి ఆ తర్వాత ముప్పై ఏళ్ళు అదే రేవులో కొత్త పుట్టి నడిపాడు. ఊరివాళ్ళు అతనితో మాట్లాడలేదు. కానీ వేరే దారి లేక, మాట్లాడకుండానే ఎక్కారు, మాట్లాడకుండానే దిగారు.

అక్కడిదాకా చదివి సునంద చెయ్యి ఆపింది. పన్నెండేళ్ళు తను ఎదురుచూసిన పేజీ అది. మూడు మధ్యాహ్నాలకు, నాలుగు జామకాయలకు, వేరొకరికి దొరికింది.

ఆ తర్వాతి వాక్యం: “ఆ మనిషి మరెవరో కాదు, మా తాత బీరయ్య.”

సునంద ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. తాత చనిపోయినప్పుడు తను ఏడో తరగతి. గొర్లను కడగడానికి ఏటికి తోలినప్పుడు కూడా తాత మోకాలు దాటి నీళ్ళలోకి దిగేవాడు కాదు, ఒడ్డున నిలబడి కేకలేసేవాడు. ఆయన వరదలో పుట్టి నడపడమా?

జాబెజ్ గారు వెనక నుంచి వచ్చి అట్ట చూశారు. “ఏందమ్మా, రాసినామె పేరు చీమంత పెట్టినవు. భూతద్దం ఇయ్యాల్నా కొన్నోళ్ళకు?”

సునంద తల ఎత్తకుండా అక్షరాల సైజును పద్నాలుగు పాయింట్ల నుంచి ఇరవై చేసింది.

మంగళవారం మధ్యాహ్నం, జాబెజ్ గారు భోజనానికి వెళ్ళాక, ఇయర్‌ఫోన్ పెట్టుకొని రికార్డింగ్ తెరిచింది. ముందు రైలు కూత, తర్వాత తన గది ఫ్యాను చప్పుడు. తర్వాత నవ్వు. ఎవరిదో పోల్చుకోవడానికి ఒక్క క్షణం పట్టింది. నాయనమ్మది. బొంగురుగా, చిన్నపిల్లలా, ఆపుకోలేని నవ్వు. తన దగ్గర ఆమె అట్లా ఎన్నడూ నవ్వలేదు. సునంద ఇయర్‌ఫోన్ పీకేసి, కింద చెప్పుల దుకాణంలో బేరమాడుతున్న వాళ్ళను కాసేపు చూసి, మళ్ళీ పెట్టుకుంది.

“పుట్టి కోసినాయన పేరేంది అమ్మమ్మా?” అనూహ్య గొంతు.

మాటకు బదులు గాజులు గలగలమన్నాయి. మంచం కిర్రుమంది.

“తాతనా? మన తాతనా?”

కొంగుతో ముక్కు చీదిన చప్పుడు. తర్వాత, తల్లి గురించి, సన్నగా, “మా అవ్వ ఎర్రకోక కట్టింది ఆ దినం. అవతల్నుంచి అదొక్కటే కనబడ్డది.” అంతే.

సునందకు అంతా అర్థమైంది.

నాయనమ్మ మొగుడి పేరు పలకదు. ఆ వయసు ఆడవాళ్ళు చాలామంది పలకరు, అది వింత కాదు. కానీ ఆమె నోట మగవాళ్ళ పేరు ఏదీ రాదు, ఆ పేరున్న వాళ్ళది అసలే రాదు. పాలుపోసే బీరయ్య వచ్చాడని చెప్పాలంటే గోడ మీది తాత ఫోటో వైపు వేలు చూపి, “పాలు తెచ్చిండు” అంటుంది. బీరప్ప పండుగ ఎప్పుడని అడగాలన్నా ఫోటో వైపే చూపిస్తుంది. కంటి దవాఖానలో నర్సు ఆమె భర్త పేరు అడిగితే, అక్కడ ఫోటో లేక, నాంపల్లి దిక్కుకు వేలు చూపింది. ఆ నర్సు కిటికీలోంచి బయటికి తొంగిచూసింది. తంగెడరేవులో చిన్నపిల్లలకు కూడా తెలుసు, ఆమె వేలు మనిషిని చూపదు, పేరును మాత్రమే చూపుతుంది. పుట్టి నడిపినాయన పేరు కూడా బీరయ్యే. రేవు కింది వాడలో అతని ఇల్లు పడిపోయిన చోటు సునంద మూడో నోటుపుస్తకంలో ఉంది.

ఖైరతాబాద్ పిల్లకు ఇది తెలియదు. వేలు ఎటు పోతే అటు చూసింది.

సునందకు ఆ రోజు మొదటిసారి ఆకలి వేసింది. కిందికి దిగి, చాయ్ తాగి, రెండు ఉస్మానియా బిస్కట్లు తింది. ఆదివారం హాలులో ఊరి పెద్దలంతా ఉంటారు. ఎవరో ఒకరు లేచి, “ఏందమ్మా, మీ తాతకు ఈత రాదు కదా, ఏం రాసినవు” అంటారు. అనూహ్య ముఖం ఎట్లా ఉంటుందో ఊహించుకుంటే, చాయ్ ఇంకొంచెం తియ్యగా అనిపించింది. తను ఏమీ చెయ్యనక్కర్లేదు. నోరు మూసుకుంటే చాలు. నోరు మూసుకోవడం తనకు పుట్టుకతో వచ్చిన విద్య.

గురువారం అనూహ్య ప్రూఫు మీద సంతకం చెయ్యడానికి వచ్చింది.

“మొత్తం చూసినవు కదా వదినా? ఏమన్న తప్పులున్నయా?”

“అక్షర తప్పులు లేవు,” అంది సునంద.

“నువ్వు చూస్తే ఇంకేంది.” అనూహ్య సంతకం చేసి, సునంద భుజం మీద తట్టి, మెట్లు దిగిపోయింది. శనివారం పొద్దున ప్రెస్సుకు పంపాలని జాబెజ్ గారు గోడ మీది క్యాలెండర్‌లో గీత గీశారు.

పుస్తకం సంగతి సునంద నోట విన్న నాయనమ్మ మంగళవారం నుంచి ఒకటే అడుగుతోంది: “అచ్చు గాకముందు నాకు జర సదివి ఇనిపియ్యి బిడ్డా. మా అవ్వ పేరు వచ్చిందో లేదో.” శుక్రవారం సాయంత్రం సునంద పాత ప్రూఫు కాగితాలు సంచిలో వేసుకుని గదికి వచ్చింది. చదివి వినిపించాలని కాదు. తనకు చెప్పని మాటను వింటున్నప్పుడు నాయనమ్మ ముఖం చూడాలని.

యాదవ్వ మంచం మీద చేతులు ఒళ్ళో పెట్టుకొని, బడిలో పిల్లలా కూర్చుంది. సునంద చదివింది. ఎర్రకోక దగ్గర ముసలామె తల ఊపింది. తల్లి పేరు లచ్చవ్వ అని వచ్చినప్పుడు, “మళ్ళ సదువు, ఆ పేరు మళ్ళ ఒకపారి,” అంది. సునంద మళ్ళీ చదివింది. ఆ తర్వాతి వాక్యం దగ్గరికి వచ్చి ఆగింది.

“ఆగినవేంది?”

దాటెయ్యవచ్చు. ముసలామెకు చదువు రాదు, తెలియదు. కానీ నాలుగు రోజులుగా లోపల పెట్టుకున్నది అప్పటికే నాలుక మీదికి వచ్చేసింది. “ఆ మనిషి మరెవరో కాదు, మా తాత బీరయ్య,” అని చదివింది.

యాదవ్వ చెయ్యి లేచింది. గాజులు గలగలమన్నాయి. వేలు గోడ మీది ఫోటో వైపు పోయి, దారిలోనే ఆగి, ఒళ్ళో పడింది.

“గట్ల రాసిందా,” అంది. “గట్ల అచ్చేస్తరా?”

“నువ్వే ఫోటో చూపినవట.”

“చూపిన. ఆమెకు ఎర్క లేదు. నీకు ఎర్క ఉంది కద బిడ్డా. నువ్వు చూసి కూడ ఊకున్నవా?”

సునంద కాగితాల అంచులు సర్దింది. అడగాలనుకున్నదే అడిగేసింది. “నాకెందుకు చెప్పలే? పన్నెండేండ్లు అడిగిన. ఆమె మూడు దినాలు వస్తే ఆమెకు చెప్పినవు. నేనేం తక్కువ చేసిన నీకు?”

ముసలామె కళ్ళు చికిలించి సునంద వైపు చూసింది. కళ్ళు సరిగా ఆనకపోయినా, సునంద చేతిలో ఏముందో ఆమెకు తెలుసు. చదివేటప్పుడు కూడా సునంద వేళ్ళ మధ్య ఒక పెన్ను ఉంటుంది. అది అలవాటు.

“అది పక్కకు పెట్టు,” అంది యాదవ్వ.

సునంద పెన్ను కిటికీలో పెట్టింది.

“నువ్వెప్పుడొచ్చినా కాయితం, పెన్ను పట్టుకొనే కూసుంటవు. తల వంచుకొని, సప్పుడు చెయ్యకుంట. క్యాంపోళ్ళు గట్లనే కూసున్నరు. మామిడితోటల కుర్సీ ఏసుకొని ఒకాయన, తల ఎత్తకుంట, పేర్లు రాస్తుండె. అడివిల దాసుకున్న సంఘపోళ్ళకు బువ్వ పెట్టింది ఎవరని అడిగిన్రు. పెద్దోళ్ళు ఎవ్వలు చెప్పలే. నన్ను పిలిచి బెల్లం ముక్క ఇచ్చిన్రు. మీ ఇంట్ల మగోళ్ళ పేరేంది బిడ్డా అన్నరు. మా నాయిన పేరు చెప్పిన. రాసుకున్నడు. తెల్లారి తీస్కపోయిన్రు. మళ్ళ రాలే.”

బయట స్టేషన్లో ఏదో రైలు పేరు మూడు భాషల్లో చదువుతున్నారు. యాదవ్వ అది అయిపోయేదాకా ఆగింది.

“అనూహ్య చేతుల ఏం లేకుండె. ఫోను పక్కకు పడేసి, నా కాళ్ళ కాడ కూసుండి, జామకాయ తినుకుంట మాట్లాడింది. రాస్తదని అప్పుడు నాకేం ఎర్క? ప్రతి మాట రాసిందని ఇప్పుడు నువ్వు సదువుతుంటేనే ఎర్కైంది.”

సునంద మంచం పట్టె మీద కూర్చుంది. పెళ్ళి కాకముందే ఆమె మగవాళ్ళ పేర్లు పలకడం మానేసిందన్నమాట. ఊరంతా మొగుడి మీద భక్తి అనుకుని నవ్వుకునేది. సునంద కూడా నవ్వేది. ఏడు నోటుపుస్తకాలలో ఎక్కడో ఒకచోట ఆ నవ్వు కూడా రాసి పెట్టుకుంది.

“మీ తాత ఆ పదకొండు మందిల ఉన్నడు,” అంది యాదవ్వ. “పదారేండ్ల పిలగాడు. ఈత రాదు. మా అవ్వ పడిపోతే ఆమె చేతుల్నుంచి మా తమ్మున్ని గుంజుకొని జొన్నచేన్ల పండుకున్నడు. వాడు ఏడ్వకుంట నోట్లె వేలు పెట్టిండట. వాడు కొరికిన మచ్చ సచ్చేదాక ఉండె. అందుకే ఆయిన్ని చేసుకున్న. లేకుంటే గా నల్లటాయన్ని ఎవరు చేసుకుందురు.” ఇక్కడ ఆమె నవ్వింది. రికార్డింగులో విన్న నవ్వే, బొంగురుగా. ఎదురుగా కూర్చుని వింటే, అది అంత గొప్ప నవ్వేమీ కాదు. అయినా సునంద అది ఆగిపోయేదాకా కదలలేదు.

“ఇది అనూహ్యకు చెప్పినవా?”

“ఆమె అడగలే. పేరు దొరికింది, ఫోను తీస్కొని పోయింది.”

శనివారం పొద్దున షాపు తాళం తీసింది సునందే. కంప్యూటర్ పెట్టి, ముందు అనూహ్యకు ఫోన్ చేసింది.

“తాత కాదు,” అంది. “పుట్టి నడిపినాయన వేరే బీరయ్య. నాయనమ్మ ఫోటో చూపేది పేరు కోసం. తాత ఇవతలి ఒడ్డునే ఉండె. ఆమె తమ్మున్ని బతికించింది ఆయినె.”

“అయ్యో,” అంది అనూహ్య. “నేను ఆమెనే అడిగిన వదినా, తాతనా అని. ఏడ్సింది. ఔనని అనుకున్న. నీకెప్పుడు తెలిసింది?”

“మంగళవారం.”

“మంగళవారమా? మరి గురువారం నేను అడిగితే తప్పులు లేవంటివి కదా?”

“నువ్వు నా రూముకు మూడుసార్లు వచ్చి నాకు చెప్పలే కదా.”

“నువ్వుంటే ఆమె నోరు తెరవదని అమ్మ చెప్పింది వదినా. అందుకే నువ్వు లేనప్పుడు వచ్చిన.” ఆ మాట సునందకు నొప్పి పెట్టింది. అబద్ధమైతే ఇంత నొప్పి ఉండేది కాదు.

“సరే, మారుస్తున్న,” అంది.

“మార్చు. నా పేరు కింద నీ పేరు కూడ పెట్టుకో.”

“అక్కర్లేదు.”

“ఇంకేమన్న చెప్పిందా అమ్మమ్మ?”

మామిడితోట, కుర్చీ, తల ఎత్తని మనిషి, బెల్లం ముక్క సునంద కళ్ళ ముందుకు వచ్చాయి. నిన్న రాత్రి పెట్టె తెరిచి ఏడో నోటుపుస్తకం బయటికి తీసి, మళ్ళీ లోపల పెట్టేసింది. పెన్ను ఇంకా కిటికీలోనే ఉంది.

“చెప్పింది,” అంది. “అది నాకు చెప్పింది.”

ఫోన్ పెట్టేసి, ఆ వాక్యాన్ని తీసేసి, “పుట్టి నడిపే బీరయ్య” అని కొట్టింది. కింద, జొన్నచేనులో చంటిపిల్లాడికి వేలు అందించిన పదహారేళ్ళ అబ్బాయి గురించి నాలుగు వాక్యాలు చేర్చింది. అనూహ్య రాసినట్టే రాసింది, ఎక్కడ అతుకు పడిందో కనబడకుండా. క్యాంపు గురించి ఏమీ రాయలేదు.

మెట్ల మీద జాబెజ్ గారి అడుగుల చప్పుడు వినబడింది. సునంద చివరగా అట్ట తెరిచింది. మంజీర ఫోటో, దాని మీద ఊరి పేరు, కింద ఇరవై పాయింట్లలో అనూహ్య పేరు. దాన్ని పదహారు చేసి చూసింది. మళ్ళీ ఇరవై చేసింది. జాబెజ్ గారు తలుపు దగ్గరికి వచ్చేలోపు ఒక్క పాయింటు తగ్గించి, ఫైలు మూసి, ప్రెస్సుకు పంపింది. ఇరవైకీ పంతొమ్మిదికీ తేడా ఎవరి కంటికీ ఆనదు.